ఊచలు లేని బొమ్మ

తులుగాక్ రేవు, బాఫిన్ దీవి
నవంబరు 1961

మా చిన్న మామయ్య నౌయాకి,

విమానం దిగి రెండు రోజులైంది. మబ్బు విడిస్తే ఎగిరిపోతుంది, కాబట్టి ఈ ఉత్తరం మధ్యలో తెగిపోతే అలగకు. అలగడంలో నువ్వు అచ్చం మామయ్యవే. నీళ్ళలో పోయిన తన తమ్ముడు కూడా చేప ముక్క చిన్నది వచ్చిందని పూటంతా మాట్లాడేవాడు కాదని అమ్మ చెప్పేది. ఆడపిల్లవైనా ఆయన పేరు నీకు పెట్టారు, పేరుతో పాటు ఆ మూతి ముడుచుకోవడం కూడా నీకే వచ్చింది.

ఆగస్టులో ఓడ మీది డాక్టర్లు ఛాతీ ఫోటోలు తీసి, క్షయ మచ్చలున్నాయని నిన్నూ అమ్మనీ మళ్ళీ ఒడ్డుకి దిగనివ్వలేదు. అమ్మ పొయ్యి మీద పెట్టిన సీలు మాంసం కుండలో అలాగే ఉండిపోయింది. దాన్ని కుక్కలకి వెయ్యడానికి నాకు మూడు రోజులు మనసు రాలేదు. మా ఆయన పావ్లూసీ "వాసనొస్తోందే" అంటే, "అమ్మ వచ్చి కోప్పడుతుంది, ఉండనీ" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మనం గీసినవి దక్షిణాదిలో అమ్మిపెట్టే తెల్లాయన, మన ముక్కాయన, బొమ్మల గదికి కొత్త కాగితాలు తెప్పించాడు. మన రేవులో ఇప్పుడు సూది పట్టడం రానివాళ్ళు కూడా పెన్సిలు పట్టుకుంటున్నారు. నేను మాత్రం మన పాత మకాములే గీస్తున్నాను. ఏ ఏడు ఎక్కడ గుడారం వేశాం, జింకలు రాని శీతాకాలం ఏం తిన్నాం, నాన్న మంచు పగుల్లో పడిన చోటు ఏది, అన్నీ. ముక్కాయన నా భుజం మీంచి తొంగి చూసి, "గుడ్లగూబ గియ్యి తగూనా, గుడ్లగూబలు బాగా పోతున్నాయి" అంటాడు. "మా ఇంట్లో ఎప్పుడూ గుడ్లగూబ లేదయ్యా, ఉన్నవాళ్ళని గియ్యనీ" అంటాను. తల గోక్కుని వెళ్ళిపోతాడు. అయినా కాగితం మాత్రం ఆపడు, మంచివాడే.

ఇక అసలు సంగతి. నాకు మళ్ళీ నెల తప్పింది. మంచు కరిగే రోజుల్లో వస్తుందని మంత్రసాని మితీక్ లెక్క. ముందు ఇద్దరూ నిలవలేదు కదా, ఈసారి ఆవిడ గట్టిగా చెప్పింది. "ఏడిచావంటే చూడు. తల్లి ఏడుస్తుంటే లోపలిది బయటికి రాడానికి జంకుద్ది." అందుకని నేను ఏడవడం మానేశాను. ఉల్లిపాయలు మనకి దొరకకపోవడం మంచిదే.

పేరు అమ్మే చెప్పాలి. పావ్లూసీ వాళ్ళ మేనత్త అలూకీ మొన్న శరత్కాలంలో పోయింది. ఆవిడ పేరు ఇంకా ఎవరికీ రాలేదు. ఆవిడ మొగుడు పాపం రోజూ టీ తాగే వంకతో వచ్చి, నా పొట్ట వంక చూసి వెళ్తున్నాడు. కానీ అమ్మ నోటి మాట రాకుండా నేను ఏ పేరూ అనను.

అమ్మని గీసి పంపు. ఎలా ఉందో రాస్తే నాకు చాలదు. నువ్వు ఎలాగూ "బాగుంది" అనే రాస్తావు.

మీ అమ్మమ్మ, అంటే మీ అక్క,
తగూనా


దక్షిణాది ఆసుపత్రి, స్త్రీల వార్డు
జనవరి 1962

మా అమ్మమ్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు జ్వరం ఉందేమోనని అనుమానపడ్డారు. ఎందుకో విను. నేను నవ్వుతుంటే నర్సమ్మ వచ్చి దుబాసీ చేత అడిగించింది.

"ఎవరు రాశారు?"

"మా అమ్మమ్మ."

"ఏమంటోంది?"

"కడుపుతో ఉందట."

"ఎన్నేళ్ళు ఆవిడకి?"

"ఇరవై ఎనిమిది."

వెంటనే నా నోట్లో జ్వరం గొట్టం పెట్టేసింది. అమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. మా అమ్మమ్మ పోయాక ఆవిడ పేరుతో మా అక్క పుట్టిందని, పేరు వస్తే మనిషి వచ్చినట్టేనని, అందుకే అమ్మ కూడా కన్నకూతుర్ని "అమ్మా" అంటుందని, నన్ను "తమ్ముడూ" అంటుందని దుబాసీకి విప్పి చెప్పాను. ఆయనకి మన మాట వచ్చు గానీ మన వరసలు రావు. అంతా విని, "మీ ఇంట్లో ఎవరు ఎవరికి పుట్టారు?" అని అడిగాడు. "అందరూ అందరికీ" అంది అమ్మ.

నన్ను ఇంకా లేవనివ్వడం లేదు. తిండికీ పడకకీ అన్నిటికీ మంచమే. రోజూ సూది. పొద్దున జావ, మధ్యాహ్నం దుంపల ముద్ద, సాయంత్రం దానికే ఇంకో పేరు. అమ్మ మంచం నాకు ఎదురుగా ఉంది. నా మంచం ఊచల సందులోంచి, ఆమె మంచం ఊచల సందులోంచి ఎంత కనిపించిందో అంతే గీశాను. అందుకే ఆమె చెయ్యి రెండు ముక్కలైంది, ముక్కు మీదుగా ఒక ఊచ దిగింది. పక్కన మందుల బండి ఒకటి, దాని వెనక మంచం మీద, ఆ రోజే తెచ్చి పడుకోబెట్టిన ఎవరివో కాళ్ళు. అమ్మ చూసి, "ఏరా తమ్ముడూ, నన్ను బోనులో పెట్టావా?" అంది. చెరిపేస్తానంటే వద్దంది. "ఉన్నది ఉన్నట్టు పోనీ. నీ అక్క చూసిందంటే ఎన్ని ఊచలో కూడా లెక్కపెడుతుంది."

పేరు సంగతి అడిగాను. "లోపలిది తన్నడం మొదలెట్టనీ, అప్పుడు చెప్తా" అంది.

చిన్న మామయ్య,
నౌయా


తులుగాక్ రేవు
ఫిబ్రవరి చివర, 1962

చిన్న మామయ్యా,

ఊచలు పద్నాలుగు. అమ్మతో చెప్పు.

నీ బొమ్మ వచ్చాక మా ఇల్లు ఇల్లులా లేదు. రేవు రేవంతా వచ్చి చూసిపోతున్నారు. ఈ రెండేళ్ళలో మన రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్ళు తొమ్మిది మంది కదా, ఎవరి మనిషి కనిపిస్తుందా అని ప్రతివాళ్ళూ కాగితానికి ముక్కు ఆనించి వెతుకుతున్నారు. నిన్న ముసలి సకియాసీ వచ్చాడు. వాళ్ళావిడ లీటియా ఓడ ఎక్కి వెళ్ళి ఏడాదిన్నరైంది, ఒక్క కబురు లేదు. మందుల బండి వెనక కాళ్ళ దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి మాదాని కాళ్ళే" అన్నాడు.

"కాళ్ళు చూసి ఎలా చెప్తావు బాబాయ్?" అన్నాను.

"నలభై ఏళ్ళు ఆ కాళ్ళు నా వీపుకి ఆనించి వెచ్చబెట్టుకుంది. నాకు తెలీవా?"

నిజమేనా, నౌయా? ఆ మంచం మీద ఉన్నది లీటియా పిన్నేనా? వెంటనే రాయి. ఆయన రోజూ వచ్చి ఆ కాళ్ళ ముందు కూర్చుంటున్నాడు. టీ కూడా అక్కడే తాగుతున్నాడు.

ముక్కాయనకి చూపించాను. బాగుంది అన్నాడు, చాలాసేపు చూశాడు కూడా. కానీ ఆసుపత్రి బొమ్మ ఎవరూ కొనుక్కోరట. అమ్మడానికి ఎవరు తెచ్చారని అడిగాను. ఇది మా గోడకి.

ఇంకోటి. తన్నుతోంది! నిన్న టీ గిన్నె పొట్ట మీద పెట్టుకుంటే కదిలింది. అమ్మ మాట ఇచ్చింది కదా, ఇప్పుడు పేరు చెప్పమను. ఇంకో బొమ్మ గీసి పంపు, మొహం బాగా కనిపించేట్టు.

అమ్మమ్మ


దక్షిణాది ఆసుపత్రి
మార్చి 1962
(ఈ ఉత్తరం పంపను. రాసి దిండు కింద పెట్టుకుంటాను.)

అక్కా,

ఈ ఒక్కసారి అక్కా అనే అంటాను.

అమ్మ పోయింది. ఫిబ్రవరి తొమ్మిదిన, మధ్యాహ్నం. నీ ఉత్తరం బయలుదేరక ముందే. అంతకు రెండు రోజుల క్రితం దగ్గులో నెత్తురు చాలా పడితే వార్డు చివర చిన్న గదిలోకి మార్చారు. నన్ను చూడనివ్వలేదు. ఆ సమయానికి నేను నిద్రపోతున్నాను, నాకేమీ తెలియలేదు. లేచేసరికి దుబాసీ నా మంచం పక్కన టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి ఎదురు మంచం మీద ఇంకో ఆవిడ ఉంది.

"మీ రేవుకి రేడియోలో కబురు చేయించమంటావా?" అని అడిగాడు. "వద్దు, మా అక్కకి నేనే రాస్తాను" అన్నాను. రాయబోతే చెయ్యి ఆడలేదు. ఏడిస్తే బిడ్డ రాదని నువ్వు రాసిన ముక్క నా కళ్ళ ముందే ఉంది. ముందు ఇద్దరు పోయినప్పుడు నీ మొహం ఎలా ఉందో నేను చూశాను. మూడోది నా ఉత్తరం చదివి పోతే?

జనవరిలో నీకు రాయని మాట ఒకటుంది. నీ కడుపు సంగతి విన్నాక అమ్మ నవ్వుతూ, "నేను గనక ఇక్కడ పోతే తిన్నగా మీ అక్క బిడ్డ దగ్గరికే పోతా. ఇంకెక్కడికీ పోను, నాకు వేరే ఇల్లెక్కడుంది?" అంది. అవేం మాటలని కసిరాను.

నీకు చెప్తే బిడ్డ ఉండదేమోనని భయం. చెప్పకపోతే అమ్మకి ఇల్లు ఉండదు. ఆమె పేరు ఎవరూ పిలవక, దారి తెలియని ఈ ఊళ్ళో ఉండిపోతుంది. పొద్దుట్నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. అమ్మే ఉంటే ముందు బిడ్డని చూడమనేది. అదే నమ్ముకుంటాను.

నౌయా


దక్షిణాది ఆసుపత్రి, స్త్రీల వార్డు
మార్చి 1962

మా అమ్మమ్మకి,

అవి లీటియా పిన్ని కాళ్ళే! నేను చెప్పగానే పిన్ని పక్కకి తిరిగి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఒక గంట తర్వాత బయటికొచ్చి, "ఆ ముసలాడికి నా కాళ్ళు తప్ప ఇంకేం గుర్తులేవా?" అంది. బాగానే కోలుకుంటోంది. ఈసారి ఆమె మొహం కూడా గీసి పెట్టాను, అది బాబాయికి ఇవ్వు.

అమ్మ బాగానే ఉంది. కొంచెం చిక్కింది, అంతే. తన్నుతోందని చెబితే చాలా సంతోషపడింది. పేరు చెప్పింది. అలూకీ పేరే పెట్టమంది. ఆ ముసలాయన ఎదురుచూస్తున్నాడు కదా, పెట్టెయ్యమంది.

నువ్వు అడిగినట్టే మొహం బాగా కనిపించేట్టు అమ్మని గీశాను. తిండి మానకు. బరువులు మొయ్యకు.

చిన్న మామయ్య,
నౌయా


తులుగాక్ రేవు
ఏప్రిల్ 1962

నౌయాకి,

సకియాసీ బాబాయి లీటియా పిన్ని బొమ్మని చొక్కా లోపల పెట్టుకు తిరుగుతున్నాడు. సీలు వేటకి వెళ్ళినా అంతే. చెమటకి పాడవుతుంది, ఇంట్లో పెట్టమంటే వినడు.

అలూకీ పేరు మాట ఆ పెద్దాయనకి చెప్పాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. గుమ్మం బయట నిలబడి కళ్ళు తుడుచుకున్నాడని పావ్లూసీ చెప్పాడు.

అమ్మ బొమ్మ చాలా బాగుంది. నీ చెయ్యి ఎంత తిరిగిందో అనిపించింది. అమ్మ నవ్వు, చెంపల మీది పచ్చబొట్టు గీతలు, అన్నీ ఉన్నాయి. గోడకి మొదటి బొమ్మ పక్కనే పెట్టాను. రెండూ చూస్తూ కూర్చుంటున్నాను.

అమ్మని మంచం మార్చారా? ఇప్పుడు కిటికీ దగ్గర ఉందా? పక్క మంచం మీద ఎవరున్నారు? ఆమె దుప్పటి ఏ రంగు? నీకు తీరిక ఉన్నప్పుడు ఇంకొక్కసారి గియ్యి. ఈసారి మొహం కనిపించకపోయినా పర్లేదు. చుట్టూ ఏమేం ఉన్నాయో అవి గియ్యి.

నేను బాగానే ఉన్నాను. ఏడవడం లేదు.

తగూనా


దక్షిణాది ఆసుపత్రి, స్త్రీల వార్డు
మే 1962

మా అమ్మమ్మకి,

నన్ను లేచి నడవనిస్తున్నారు. మొదటి రోజు వార్డు గుమ్మం దాకా వెళ్ళేసరికి కాళ్ళు అప్పుడే పుట్టిన జింకపిల్ల కాళ్ళలా వణికాయి. లీటియా పిన్ని వెనక నుంచి, "పడితే చెప్పు, నేను చూడాలి" అని అరిచింది.

నువ్వు ఏమిటేమిటో అడిగావు. అమ్మని ఎక్కడికీ మార్చలేదు, అదే మంచం. దుప్పటి బూడిద రంగు, అందరికీ అదే. నువ్వు అడిగావని ఈసారి ఊచలు కూడా గీశాను. ఊరికే అనుమానాలు పెట్టుకోకు, ఈ రోజుల్లో మంచిది కాదు.

మందుల బండి వచ్చింది. ఉంటాను.

నౌయా


తులుగాక్ రేవు
జూన్ చివర, 1962

నౌయాకి,

మగపిల్లాడు. ఇద్దరం బతికే ఉన్నాం. ముందు అది చెప్పాను, ఇప్పుడు నిమ్మళంగా కూర్చుని చదువు.

మంచు మీద దిగిన చివరి విమానంలో నీ మూడో బొమ్మ వచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత నొప్పులు మొదలయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం దాటినా బిడ్డ రాలేదు. మితీక్ నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నడుం పట్టుకుని, పేరు పిలుస్తూనే ఉంది. "అలూకీ, రావే. దారి ఇదే. అలూకీ, రా." గుడారం బయట ఆ పెద్దాయన కూడా గొంతు కలిపాడు. రాలేదు. నాలో సత్తువ అయిపోయింది.

"అలూకీ కాదు" అంది మితీక్ చివరికి. "అదయితే ఈపాటికి వచ్చిపడేది. బతికుండగా ఎక్కడా ఇంతసేపు నిలబడిన మనిషి కాదు. వేరే ఎవరో ఉన్నారు గుమ్మంలో. ఎవరే? పోయిన మీవాళ్ళలో పేరు ఎవరికీ రాకుండా ఎవరు మిగిలారు? చెప్పు!"

ఆవిడే పిలిచి చూసింది. నాన్నని పిలిచింది. నాన్న తమ్ముణ్ణి పిలిచింది. ఏమీ లేదు.

నా నోట్లో ఒక పేరు ఉంది. ఏప్రిల్ నుంచి ఉంది. కానీ బతికున్న మనిషి పేరు అక్కడ పలికితే ఆ మనిషిని మనమే లాగేసినట్టు. అంత దూరాన మంచం మీద ఉన్న అమ్మని నా నోటితో నేనే చంపుకుంటానా? అలాగని పలకకపోతే ఈ బిడ్డ కూడా పోతుంది. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు, నౌయా. పావ్లూసీని కేకేసి, ఇంట్లో గోడ మీది మూడు బొమ్మలూ తెమ్మన్నాను. "ఇప్పుడా?" అన్నాడు. ఇప్పుడే అన్నాను.

నీకూ నాకూ చెయ్యి ఒకటే పని నేర్చింది. కళ్ళ ముందు ఉన్నదాన్ని గీస్తే అడ్డం ఉన్నవన్నీ కాగితం మీదికి వస్తాయి. కుండ అడ్డం వస్తుంది, ఎవరిదో మోచెయ్యి అడ్డం వస్తుంది. లేనివాళ్ళని గీస్తే ఏదీ అడ్డం రాదు. నేను నాన్నని వంద సార్లు గీశాను, ఒక్కదాంట్లోనూ ఆయన ముందు ఏమీ లేదు. నీ మొదటి బొమ్మలో అమ్మ ముక్కు మీద ఊచ ఉంది. రెండో దాంట్లో అమ్మ ఒక్కతే ఉంది, తెల్ల కాగితం మీద, ఎంతో చక్కగా. మూడో దాంట్లో ఊచలు గీశావు, అన్నీ అమ్మ వెనకే గీశావు. ఆమె మీదుగా ఒక్కటి గీయడానికీ నీకు చెయ్యి రాలేదు.

"ఉల్లూరియాక్" అన్నాను.

మితీక్ నా నోరు మూసేసింది. "నోర్ముయ్యి! మీ అమ్మ బతికుంది కదే!"

"లేదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూడు" అని బొమ్మలు ఆవిడ ముందు పడేశాను.

మితీక్ బొమ్మలు గీసే మనిషి కాదు. అయినా మూడూ ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని చూసింది. మళ్ళీ నా నడుం పట్టుకుంది. అమ్మా ఆవిడా చిన్నప్పుడు ఒకే గుడారంలో పెరిగినవాళ్ళు కదా. ఏడుస్తూనే తిట్టినట్టుగా పిలిచింది. "ఉల్లూరియాక్! ఏమే, అంత దూరం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డావా? పిలిస్తే గానీ రావా? రా లోపలికి, చలేస్తుంది!"

వచ్చాడు. ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే వచ్చాడు.

మితీక్ బొడ్డు కోసి, ఎత్తి చూసి, "ఈసారి వేటకి పోదామనుకుందేమో మీ అమ్మ, మగాడై వచ్చింది" అంది. తర్వాత వాణ్ణి నా గుండెల మీద పెట్టి, "చూశావా, తన అమ్మ ఒళ్ళోకే వచ్చింది" అంది. అప్పుడు తట్టింది నాకు. అమ్మ నన్ను జీవితమంతా "అమ్మా" అని పిలిచింది. ఇప్పుడు నేను నిజంగానే ఆమెకి పాలిస్తున్నాను. అప్పుడు ఏడ్చాను. ఏడు నెలలు దాచింది మొత్తం ఏడ్చాను. మితీక్ ఏడవనిచ్చింది.

అలూకీ మొగుడు లోపలికి వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకుని, "వచ్చావా ఉల్లూరియాక్, మంచిది" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆయన వెళ్తూ, "పక్క గుడారం ఓటోకీ పెళ్ళానికి కూడా నాలుగో నెల. ఇక అక్కడ టీ తాగుతాలే" అన్నాడు.

కానీ నౌయా, నాకు ఎవరూ చెప్పలేదు. మూడు కాగితాలు చూసి నేను ఆ మాట అన్నాను. వాడికి పాలిచ్చేటప్పుడల్లా, అమ్మ అక్కడ మంచం మీద కూర్చుని దుంపల ముద్ద తింటూ ఉంటే నేనేం చేసినట్టు అని ఒళ్ళు చల్లబడుతుంది. నా మీద జాలిపడి ఇంకేమీ దాచకు. నీ మీద కోపం లేదు, లవలేశం లేదు. నిజం రాయి. నేను సరిగ్గానే పిలిచానా?

తగూనా


దక్షిణాది ఆసుపత్రి
ఆగస్టు 1962

అమ్మా,

ఈ ఉత్తరం నీకే. మా అమ్మమ్మ చదివి వినిపిస్తుంది. వింటూ నిద్రపోయినా ఫర్వాలేదు.

మొదటి మాట చూడగానే అక్కకి జవాబు తెలిసిపోయి ఉంటుంది. సరిగ్గానే పిలిచావని చెప్పు. ఒళ్ళు చల్లబడనక్కర్లేదని చెప్పు. మార్చిలో రాసి పంపకుండా దాచుకున్న ఉత్తరం కూడా దీనితోనే పెడుతున్నాను. ఆమె దాన్ని ఒంటరిగా చదువుకుంటే మంచిది.

నీకు అబద్ధపు మాట అంటగట్టాను. నువ్వు అనని పేరు అన్నావని రాశాను. నీ ఇల్లు తీసి వేరే వాళ్ళకి ఇచ్చేశాను. మితీక్ పెద్దమ్మ కేకేసి పిలవకపోతే నువ్వు ఇంకా ఆ గుమ్మంలోనే ఉండేదానివి. ఆమెకి నా తరఫున ఏదైనా మంచిది చెయ్యి. ఎత్తుకున్నప్పుడు ఆమె ఒళ్ళు తడపకుండా ఉండు చాలు.

పోయిన వారం దుబాసీ నన్ను కారులో నీ సమాధి దగ్గరికి తీసుకెళ్ళాడు. గడ్డి పచ్చగా ఉంది, నీకు నచ్చదు. పలక మీద నీ పేరు లేదు, సర్కారు వాళ్ళు నీ మెడలో వేసిన బిళ్ళ మీది అంకె మాత్రం చెక్కారు. ఆ వరసలో మనవాళ్ళవి ఇంకో ఆరు ఉన్నాయి, అన్నీ అంకెలే. దుబాసీ పుస్తకం చూసి ఒక్కొక్క పేరూ చదివాడు. ఒక్కోదాన్ని విడివిడిగా గీసి, ఏ గేటులోంచి వెళ్ళాలో, ఎన్నో వరసో గీసి, కింద పేరు మన అక్షరాల్లో రాశాను. ఏడు కాగితాలూ పంపుతున్నాను. అక్క వాటిని ఏ ఇంటివి ఆ ఇంటికి ఇవ్వాలి. వాళ్ళకి కూడా కడుపుతో ఉన్న కోడళ్ళు ఉంటారు.

ఇంకొకటి ఉంది. దాచుకున్న ఉత్తరంలో కూడా అబద్ధం రాశాను. ఎవరికీ పంపని కాగితం మీద కూడా నిజం రాయడానికి ధైర్యం చాలలేదు. అక్క ఎదుటే చెప్పుకుంటాను, ఆమె నోటితోనే నువ్వు వినాలి.

నువ్వు పోయినప్పుడు నేను నిద్రపోలేదు. ఆ మధ్యాహ్నం చిన్న గది తలుపు తెరిచే ఉంది. నువ్వు "తమ్ముడూ" అని పిలిచావు. రెండు సార్లు పిలిచావు. నాకు బాగా వినిపించింది. నాది ఆ గది నుంచి నాలుగో మంచం, గట్టిగా లెక్కేస్తే పది అడుగులు. లేస్తే తిడతారని, లేస్తే నా ఊపిరితిత్తులు మళ్ళీ మొదటికొస్తాయని, కళ్ళు మూసుకుని పడుకున్నాను. మూడోసారి పిలిస్తే లేద్దామనుకున్నాను. మూడోసారి పిలవలేదు.

డాక్టరు నిన్న కొత్త ఫోటో చూపించాడు. మచ్చ ఎండిపోయిందట. ఈ ఏడు ఓడకి అందలేను, వచ్చే వేసవికి తప్పకుండా పంపుతామన్నాడు. అప్పటికి నీకు మాటలు వస్తుంటాయి. నన్ను ఎలా పిలవాలో అక్క నేర్పుతుంది.

నువ్వు ఒక్కసారి పిలిస్తే చాలు అమ్మా, పరుగెత్తుకొస్తాను.

నీ తమ్ముడు, నీ చిన్న కూతురు,
నౌయా